పాతబస్తీకి దూరంగా పాతబస్తీ ఉపన్యాసాలు: తెలుగు శాఖల మౌనంపై ఒక అభియోగం

విశ్వవిద్యాలయం తరగతిగది దాటి పౌరులతో మాట్లాడే వేదిక బహిరంగోపన్యాసం. దానిని విస్తరణోపన్యాసమన్నా, స్మారకోపన్యాసమన్నా, ధర్మనిధి ఉపన్యాసమన్నా ఉద్దేశం ఒక్కటే. పరిశోధనలో తేలిన విషయాన్ని, ఆ విషయంతో బతుకు ముడిపడినవారి ముందు పెట్టి, వారి ప్రశ్నలకు నిలబడడం. ఈ కొలబద్దతో చూస్తే హైదరాబాదు పాతబస్తీ చరిత్ర, కళ, సాంస్కృతిక స్మృతి గురించి మన విద్యాలోకం ఏర్పాటు చేస్తున్న ఉపన్యాసాలు చాలావరకు తప్పిపోతున్నాయి. చార్మినారు గురించిన ప్రసంగం మూసీకి ఉత్తరాన, ఆంగ్లంలో, ముందే అన్నీ తెలిసిన కొద్దిమంది ఎదుట జరుగుతుంది. చార్మినారు నీడలో దుకాణం నడిపేవారికి, అక్కడి కళాశాలలో చదివే విద్యార్థికి ఆ సంగతే తెలియదు. ఈ వైఫల్యంలో పెద్ద వాటా తెలుగు శాఖలదని ఈ వ్యాసం వాదిస్తుంది. ఇతరులు తప్పుగా మాట్లాడుతున్నారన్నది రెండో ఫిర్యాదు. మనం అసలు మాట్లాడడం లేదన్నది మొదటిది.

ఇందులో ప్రమాదమేమిటని అడగవచ్చు. విశ్వవిద్యాలయం ఖాళీ చేసిన స్థలం ఖాళీగా ఉండదు. నగరం పేరు మీద, గుడి మీద, మసీదు మీద, రాజు మతం మీద ఎన్నికల వేదికలు తీర్పులు చెబుతున్నాయి. ఆ తీర్పులు తెలుగులోనే వెలువడుతున్నాయి. వాటిని ఆధారాలతో పరీక్షించగల విద్వాంసులు మాత్రం తెలుగులో బహిరంగంగా నోరు విప్పడం లేదు. వాదానికి ఒక భాష, పరిశోధనకు వేరొక భాష ఏర్పడినచోట వాదం పరిశోధనకు జవాబుదారీ కాదు.

1921 నాటి వేదిక

హైదరాబాదులో తెలుగు సాంస్కృతిక ఉద్యమ చరిత్ర ఒక సభలో జరిగిన అవమానంతో మలుపు తిరిగిందని మనమే పాఠం చెబుతాం. 1921 నవంబరులో వివేకవర్ధిని ప్రాంగణంలో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోగా సభికులు హేళన చేశారు. ఆ హేళన నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. గ్రంథాలయాలు, పరిశోధక మండలులు, పత్రికలు దాని వెంట బలపడ్డాయి. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రికను ప్రారంభించారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను 1934లో వెలువరించారు.

ఈ కథను మనం విజయగాథగా చెప్పి ముగిస్తాం. దాని తర్కాన్ని నేటికి అన్వయిస్తే ఇబ్బంది కలుగుతుంది. నాడు తెలుగు వక్త వేదిక ఎక్కాడు, సభ అతణ్ణి దింపజూసింది. నేడు దింపేవారెవరూ లేరు, ఎక్కేవారూ లేరు. నగర చరిత్రపై సదస్సు ఆహ్వానపత్రంలో వాస్తుశిల్పి, చరిత్రకారుడు, మ్యూజియం అధికారి, ఉర్దూ ఆచార్యుడు కనిపిస్తారు. తెలుగు ఆచార్యుడు కనిపిస్తే ప్రార్థనాగీతం దగ్గరనో, వందన సమర్పణ దగ్గరనో కనిపిస్తాడు. దీనిని వివక్ష అనడానికి లేదు. ఆ సదస్సుకు మనం పంపిన పత్రమేదని అడిగితే చూపడానికి చేతిలో ఏమీ లేదు.

ఈ నగరానికి ఉపన్యాసం కొత్త కాదు. ముహమ్మద్ ఇక్బాల్ మద్రాసు, హైదరాబాదు, అలీగఢ్‌లలో చేసిన ప్రసంగాలు 1930లో గ్రంథరూపం పొంది నేటికీ చర్చలో ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రవీంద్రనాథ ఠాకూరు 1933లో చేసిన ఉపన్యాసాలు కూడా పుస్తకమైనాయి. ఉపన్యాసం గంటసేపటి శబ్దంగా కాక, చదివి ఖండించదగిన పాఠంగా మిగలాలని ఆ తరం అనుకున్నది. మన స్మారకోపన్యాసాలలో ఎన్ని అచ్చుపాఠంగా మిగిలాయో ప్రతి శాఖా తన బీరువా తెరిచి లెక్క చూసుకోవచ్చు.

"అది ఉర్దూ నగరం" అనే సాకు

మన మౌనానికి తరచుగా వినిపించే మొదటి సమర్థన ఇది: పాతబస్తీ ఉర్దూ వారిది, అక్కడ తెలుగుకు పని లేదు. ఈ మాట వినయంలా కనిపిస్తుంది కాని, మన సిలబసుతోనే పొసగదు. ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. రాజ్యానికి రాకముందు ఆయన ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో గడిపాడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. పొన్నికంటి తెలగన యయాతి చరిత్రము తొలి అచ్చతెనుగు కావ్యం. దాని కృతిభర్త కుతుబ్‌షాహీ అధికారి అమీన్‌ఖాను. వైజయంతీ విలాసకర్త సారంగు తమ్మయ గోలకొండ కరణం. క్షేత్రయ్య తన పదంలో గోలకొండ పాదుషాను స్మరించాడు. కంచెర్ల గోపన్న చెర గోలకొండ కోటలోనే. అక్కన్న, మాదన్నల పేరుతో పాతబస్తీలో గుడి నేటికీ ఉంది, బోనాల ఊరేగింపులో ఆ గుడి ఘటానికి ప్రముఖస్థానం ఉంది.

ఇవన్నీ ఎం.ఏ. ప్రశ్నపత్రంలో సంక్షిప్త వ్యాఖ్యలుగా వచ్చేవే. విద్యార్థి కవి, కృతి, కృతిభర్త అనే మూడు పేర్లు కంఠస్థం చేసి ఉత్తీర్ణుడవుతాడు. ఆ మూడు పేర్లు ఏ కొలువులో, ఏ కచేరీలో, ఏ భాషల మధ్య కలిశాయో అతనికి తెలియదు. కుతుబ్‌షాహీ పాలన చివరి దశాబ్దాల ఫర్మానాలలో పార్శీ పాఠంతో పాటు తెలుగు పాఠం ఉండేదని చరిత్రకారులు ఎప్పుడో గుర్తించారు. ఆ తెలుగు ఎటువంటి తెలుగు? గ్రాంథికమా, కరణాల వాడుకా? పార్శీ పారిభాషికాలను అది ఎట్లా మింగింది? కరణం సారంగు తమ్మయ కావ్యభాషకూ కచేరీ భాషకూ మధ్య ఉన్న దూరమెంత? ఇవి తెలుగు భాషాశాస్త్రం జవాబు చెప్పవలసిన ప్రశ్నలు. వీటి మీద పాతబస్తీలో ఒక ఉపన్యాసం ఏర్పాటు చేయడానికి ఉర్దూవారి అనుమతి అక్కరలేదు, తెలుగువారి శ్రమ కావాలి.

అయితే ఈ సామగ్రిని చేతపట్టగానే మరొక లోభం ఎదురవుతుంది. "కుతుబ్‌షాహీలు తెలుగు రాజులే" అని జెండా ఎగరవేయడం సులభం. కులీ కుతుబ్‌షా తెలుగులోనూ కవిత్వం చెప్పాడని వేదికల మీద వింటూ ఉంటాం. ఆయన దక్కనీ దివాను మనకు దక్కింది, అందులో తెలుగు మాటలూ ఉన్నాయి. ఆయన తెలుగు కవిత అనదగినదేదీ దక్కలేదు. దక్కని కవిత్వాన్ని పొగడడం సాహిత్యచరిత్ర కాదు. అదేవిధంగా కృతిభర్త స్తుతి ప్రబంధ మర్యాద. తురక ప్రభువుకైనా రెడ్డి ప్రభువుకైనా అవతారికలో అవే కీర్తి, అవే ప్రతాపం, అదే దానగుణం ఉంటాయి. ఆ స్తుతిని మతసామరస్యానికి సాక్ష్యంగా చదివేవారు సాహిత్యరూపాన్ని మరచిపోయినవారు. సంస్కృతపదాన్ని వెలివేసిన తొలి తెలుగు కావ్యం పార్శీ రాజభాషగా ఉన్న రాజ్యపు అధికారికి ఎందుకు అంకితమైంది అన్నది మాత్రం స్తుతిపాఠంలో కరగని ప్రశ్న. బహిరంగోపన్యాసం అటువంటి ప్రశ్నను జనం ముందు విప్పాలి. జవాబు చెప్పలేకపోయినా, ఎందుకు చెప్పలేకపోతున్నామో చూపాలి.

"చరిత్ర చరిత్రకారులది" అనే సాకు

రెండో సమర్థన శాస్త్రసంబంధమైనది. సాహిత్య విద్యార్థికి చరిత్రతో పనేమిటి, శాసనాలూ దస్తావేజులూ వారి పని గదా అంటారు. ఈ మాట అనేవారు సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర చదవమని మాత్రం విద్యార్థులకు చెబుతారు. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన ఆ గ్రంథం చేసిన పని ఏమిటి? కావ్యాలలో, శతకాలలో, ద్విపదలలో దాగిన తిండి, బట్ట, ఆట, వ్యాపారం, ఆచారం బయటికి తీసి చరిత్ర రాయడం. అది సాహిత్య విద్వాంసుని పద్ధతి. ఆ పద్ధతిని గౌరవించి, ఆ పనిని మానివేయడం గౌరవం అనిపించుకోదు.

నగరం పేరు వివాదాన్నే తీసుకుందాం. భాగమతి అనే నర్తకి పేరుమీద భాగ్‌నగర్ వెలిసిందని ఫెరిష్తా రాశాడు. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి యాత్రికులు టావెర్నియే, తెవెనో ఈ నగరాన్ని ఆ పేరుతోనే గుర్తించారు. కుతుబ్‌షాహీ చరిత్రకు ప్రామాణికుడనదగిన హరూన్ ఖాన్ షేర్వానీ భాగమతి కథను కల్పనగా తిరస్కరించాడు. దీనిమీద పార్శీ చరిత్రలు, విదేశీ యాత్రాకథనాలు, నాణేలు పరిశీలనకు వచ్చాయి. వాదమంతా ఒక పూర్వపదం చుట్టూ తిరుగుతుంది: అది భాగ్యమా, భాగమతియా, బాగ్ అంటే తోటయా? ధ్వని, వ్యుత్పత్తి, స్థలనామాల సంగతి తెలిసిన శాఖ ఏది? అప్పటి తెలుగు కైఫీయతులలో, దస్తావేజులలో, కావ్యాలలో ఈ నగరం ఏ ఏ రూపాలలో కనిపిస్తున్నదో, ఏ రూపం ఎప్పుడు మొదలైందో వరుసగా పేర్చి చెప్పడం స్థలనామ పరిశోధనలో ప్రాథమికమైన పని. పేరు మార్చాలనేవారూ మార్చరాదనేవారూ తెలుగులో గొంతు చించుకుంటున్న సమయంలో ఆ పట్టికతో ఒక్క ఉపన్యాసం తెలుగు శాఖ నుంచి రావలసింది. అది ఎవరికీ విజయం కట్టబెట్టకపోవచ్చు. ఏ పక్షం ఎంతవరకు చెప్పగలదో హద్దు గీస్తుంది. విశ్వవిద్యాలయం పౌరసమాజానికి చేయగల సేవ అదే.

ఇక్కడ ఒక నిజమైన లోపాన్ని ఒప్పుకోవాలి. మన పరిశోధకులలో ఉర్దూ లిపి చదవగలవారు అరుదు. పార్శీ సంగతి చెప్పనక్కరలేదు. ఉర్దూ బోధనమాధ్యమంగా 1918లో ఏర్పడిన ఉస్మానియాలో ఒకనాటి తెలుగు విద్వాంసునికి ఉర్దూ సహజంగా అబ్బింది. జానపద గేయసాహిత్య పరిశోధనకు దారి వేసిన బిరుదురాజు రామరాజు ఆ వాతావరణంలో రూపొందినవారే. బోధనమాధ్యమం మారడం చారిత్రక న్యాయం. దానితోపాటు ఒక లిపిని పోగొట్టుకోవడం న్యాయంలో భాగం కాదు. దక్కను సాహిత్యంపై పరిశోధించే తెలుగు విద్యార్థికి ఒక సంవత్సరం ఉర్దూ పఠనం తప్పనిసరి చేయడానికి నిధులు అక్కరలేదు, పాఠ్యప్రణాళికా సంఘం తీర్మానం చాలు.

తీపి జ్ఞాపకాల ఎంపిక

సాంస్కృతిక స్మృతి అనే మాట ఈమధ్య సదస్సుల శీర్షికలలో విరివిగా కనిపిస్తున్నది. పాతబస్తీ దగ్గరికి వచ్చేసరికి స్మృతి అంటే అత్తరు, బిర్యానీ, ముత్యాలు, నవాబుల ఔదార్యం, గంగా జమునా తహజీబ్. ఈ చివరి మాట ఒకప్పుడు అనుభవానికి పేరు. ఇప్పుడు సభ మొదట్లో వెలిగించే అగరొత్తి. దానివల్ల పరిమళం వస్తుంది, వెలుగు రాదు. అన్యోన్యత ఉన్నచోట అది ఏ పనిలో, ఏ మాటలో, ఎవరి చేతిలో ఉన్నదో చూపితే తప్ప ఆ మాటకు బలం లేదు.

చూపడానికి సామగ్రి లేకపోలేదు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనూ కుమార్తెనూ పోగొట్టుకున్నాడు. ఆ దుఃఖాన్ని ఉర్దూ పద్యం చేశాడు. అదే వరదలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నదికి పూజ చేశాడని లాల్‌దర్వాజా సింహవాహిని ఆలయ సంప్రదాయం చెప్పుకుంటుంది. ఒకే వరదకు ఒక భాషలో లిఖితమైన శోకం, మరొక భాషలో మౌఖికమైన ఐతిహ్యం. మొదటిది వ్యక్తి నష్టాన్ని తలుస్తుంది, రెండోది రాజు, దేవత, నది మధ్య సంధిని తలుస్తుంది. ఒకే విపత్తును సమాజం రెండు తీరుల ఎట్లా మోసుకొచ్చిందో వివరించే ఉపన్యాసానికి ఇంతకంటె అనువైన వస్తువు దొరకదు. మొహర్రంలోనూ అంతే. నగరంలో బీబీకా ఆలం ఊరేగుతుంది, తెలంగాణ పల్లెలో పీరీల చుట్టూ అసోయ్‌దూలా ఆడుతూ తెలుగులో కర్బలా కథ పాడతారు. బాద్షాహీ ఆషుర్‌ఖానా పింగాణీ పలకల సౌందర్యంపై కళాచరిత్రకారుడు మాట్లాడతాడు. ఆ ఆలం పల్లెలో ఏ పాటగా మారిందో చెప్పవలసినవారు జానపద విజ్ఞాన విద్యార్థులు. కళావస్తువుకూ పాటకూ మధ్య ఉన్న దారిని ఏ ఒక్క శాఖా ఒంటరిగా చూపలేదు.

చేదు జ్ఞాపకాల దగ్గర మన మౌనం మరింత గాఢం. 1948లో రజాకార్ల దౌర్జన్యాలు ఉన్నాయి. ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను ఆ ఆగస్టులో నగరవీధిలోనే చంపారు. ఆ సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య వెంట జరిగిన మారణకాండ కూడా ఉంది. ఢిల్లీ నుంచి వచ్చిన సుందర్‌లాల్ సంఘం తక్కువలో తక్కువ అంచనాగా 27 వేల నుంచి 40 వేల మంది మరణించారన్నది. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు ఎక్కువగా నష్టపోయాయన్నది. ఆ నివేదిక దశాబ్దాలపాటు ప్రజలకు అందలేదు. ఒకరు మొదటి జ్ఞాపకాన్నే చెబుతారు, మరొకరు రెండోదాన్నే చెబుతారు. విశ్వవిద్యాలయ వేదిక మర్యాద పేరుతో రెండింటినీ దాటవేసి ముత్యాల దగ్గరికి వెళుతుంది. తెలుగు సాహిత్యం అంత పిరికిది కాదు. నెల్లూరి కేశవస్వామి యుగాంతం కథ ఆ రోజులను సూటిగా చూసింది. ఆయన చార్మినార్ కథలలో పాతబస్తీ ముస్లిం కుటుంబం లోపలి నుంచి కనిపిస్తుంది. 1998లో జల్‌జలా సంకలనంతో ముస్లిం కవులు తెలుగులోనే తమ గొంతు వినిపించారు. "అది ఉర్దూ నగరం" అన్న సాకును ఈ రచనలు ఒక్కదెబ్బతో కూల్చివేస్తాయి. వీటిని తరగతిలో వాదాల జాబితాలో చేర్చి, రచనలకు పుట్టినిల్లయిన వీధులలో మాత్రం చదవకపోవడం మన విచిత్ర విధానం.

సన్మానసభగా మారిన ఉపన్యాసం

మూడో సమర్థన లోకానుభవం నుంచి వస్తుంది. అక్కడ సభ పెడితే ఎవరు వస్తారు? వచ్చినా, పరిశోధనను జనం స్థాయికి దించితే అది పలచబడదా?

రానివారిని నిందించే ముందు పిలిచిన తీరు చూసుకోవాలి. మన ధర్మనిధి ఉపన్యాసం జ్యోతిప్రజ్వలనతో మొదలవుతుంది. అధ్యక్షుడు, ముఖ్య అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి వరుసగా దాత ఔదార్యాన్ని, వక్త పాండిత్యాన్ని కొనియాడతారు. శాలువా, జ్ఞాపిక, ఫోటో పూర్తయ్యేసరికి వక్తకు మిగిలేది అరగంట. ప్రశ్నలకు సమయం లేదని ప్రకటిస్తారు. హాజరు కోసం కూర్చోబెట్టిన విద్యార్థులు చరవాణులలో తల దించుకుని ఉంటారు. నివేదికకు ఫోటో దక్కుతుంది, అధ్యాపకునికి పాయింట్లు దక్కుతాయి, నాక్ బృందానికి చూపడానికి దస్త్రం దక్కుతుంది. దక్కనిది ఉపన్యాసం. ఈ తంతుకు పాతబస్తీ పౌరుడు రాకపోతే అతని అభిరుచిని శంకించనక్కరలేదు.

పలచబడుతుందన్న భయం తలకిందుల వాదం. సహపరిశోధకుల ముందు పారిభాషిక పదం చాటున దాగవచ్చు. తన వీధి గురించి వినడానికి వచ్చిన శ్రోత ముందు దాగడం కుదరదు. "మా తాత మరోలా చెప్పాడే" అని అతడు లేచినప్పుడు, ఆ తాత మాటకు ప్రామాణ్యం ఎంత, దస్తావేజుకు ఎంత అని వక్త అక్కడికక్కడే తూకం వేయాలి. అది పరిశోధన పద్ధతికి కఠినమైన పరీక్ష. శ్రోత జ్ఞాపకం ప్రమాణం కాకపోవచ్చు, కొత్త ఆధారానికి దారి కావచ్చు. ఆ దారిని మూసుకున్న పరిశోధనే పలచన.

చేయదగిన పని

ఖండనకు తగిన ప్రతిపాదన లేకపోతే అది కేవలం రోషం. కాబట్టి ఉన్న ధర్మనిధులతోనే, కొత్త పథకం లేకుండా చేయదగిన ఐదు నియమాలు సూచిస్తున్నాను.

పాతబస్తీ గురించిన ఉపన్యాసం పాతబస్తీలోనే జరగాలి. మూసీ దక్షిణపు గట్టున హైకోర్టు పక్కన ఉన్న సిటీ కళాశాల ఒకప్పుడు మఖ్దూం మొహియుద్దీన్ పాఠం చెప్పిన చోటు. అంతకంటె తగిన స్థలం వెదకనక్కరలేదు. ఉపన్యాసం తెలుగులో నడవాలి, దాని సారాంశం ఉర్దూలో చదవాలి. ఉర్దూ శాఖ ఉపన్యాసానికి తెలుగు సారాంశం అదేవిధంగా ఉండాలి. ప్రతి ఉపన్యాసం ఒక ప్రాథమిక ఆధారం చుట్టూ తిరగాలి. ఒక ఫర్మానా, ఒక అవతారిక, ఒక పాట, ఒక కథ ప్రతిని శ్రోతల చేతికివ్వాలి. సభాసమయంలో సగం ప్రశ్నలకు కేటాయించాలి, సన్మానాలకు ఏమీ కేటాయించరాదు. చివరగా, పూర్తి పాఠం సభకు ముందే అందాలి, ఎత్తిన ప్రశ్నలతో సహా ఇటువంటి పత్రికల పరిశీలనకు రావాలి. ఐదింటిలో చివరిది నెరవేరకపోతే మొదటి నాలుగూ వేడుకగా మిగులుతాయి.

ఇందులో ఏ నియమమూ అసాధ్యం కాదు. అసౌకర్యం మాత్రం ఉంది. తెలియని లిపి నేర్చుకోవాలి, తెలిసిన పొగడ్తలు వదులుకోవాలి, ఏ పక్షానికీ పూర్తిగా నచ్చని మాట తెలుగులో, జనం మధ్య, సంతకంతో చెప్పాలి. యయాతి చరిత్రము ప్రథమాశ్వాసాన్ని ఏ సందిగ్ధమూ లేకుండా తాత్పర్యం చెప్పగల విద్వాంసులు మనలో ఉన్నారు. ఆ కావ్యాన్ని అంకితం పుచ్చుకున్న రాజ్యపు రాజధానిలో నిలబడి దాని గురించి మాట్లాడరెందుకన్నదే ఈ వ్యాసం వేస్తున్న ప్రశ్న. జవాబు శాఖల తీర్మానాలలో, వచ్చే విద్యాసంవత్సరపు ఆహ్వానపత్రాలలో కనిపించాలి.